నక్కవాగు లెక్క ఎక్కడిదాకా తేలింది?

పటాన్‌చెరు పొల్యూషన్ మాట వస్తే మా బంధువులు రెండు జట్లుగా విడిపోతారు. మా అత్తమ్మ, అంటే మేనమామ భార్య, "ఇంటికొకరు జబ్బుతోని ఉన్నరు, ఇంకేం కావాలె" అంటుంది. ఆమె కొడుకు, నాకు మరిది, ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, అంటే మందుల ముడిసరుకు తయారు చేసే కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తాడు. మెషిన్ రీడింగ్ చూడనిదే ఏదీ నమ్మకూడదని నేర్పే ఉద్యోగం. "ఒక్క మనిషికన్నా ఈ నీళ్ల వల్లనే జబ్బు వచ్చిందని ఎవరన్నా ప్రూవ్ చేసిన్రా, వదినా?" అని నన్ను అడుగుతాడు. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను కాబట్టి తీర్పు నన్ను చెప్పమంటారు.

ఇద్దరూ మూడు ప్రశ్నల్ని కలిపి ఒక్కటి చేస్తున్నారని నాకు అనిపిస్తుంది. నీళ్లలో ఏం కలిసింది? అది మనిషి దాకా వచ్చిందా? వచ్చినందువల్ల జబ్బు చేసిందా? ఈ మూడింటికి ఉన్న ఆధారాల బలం ఒకేలా లేదు. మొదటిదానికి తిరుగులేని సాక్ష్యం ఉంది. రెండోదానికీ గట్టిదే ఉంది. మూడోది ఇంకా దారిలోనే ఉంది. మూడోది తేలలేదన్న సాకుతో మొదటి రెండూ లేనట్టు మాట్లాడటం నాకు మింగుడుపడదు.

మా అమ్మ పుట్టిల్లు నక్కవాగుకు దగ్గరి ఊరు. ఈ వాగు పటాన్‌చెరు వైపు నుంచి పారి మంజీరలో కలుస్తుంది. 1970లలో ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియా మొదలైంది. తర్వాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం దాకా ఫ్యాక్టరీలు వచ్చాయి. పంటలు ఎండుతున్నాయి, బర్రెలు చస్తున్నాయి అని రైతులు మొత్తుకుంటే విషయం 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు దీని కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. ఇదే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, కంది పంటల మీద ప్రపంచానికి దారి చూపే సంస్థకు కూతవేటు దూరంలో మామూలు రైతు పొలం బీడు పడటం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ముందు నీళ్ల సంగతి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన పత్రం వేశారు. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల మురుగునీళ్లు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేవి. అక్కడ శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీళ్లను వాళ్లు పరీక్షించారు. 59 రకాల మందుల కోసం వెతికితే 11 రకాలు లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటి కనిపించాయి. అన్నిటికంటే ఎక్కువ ఉన్నది సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్, పొట్టిగా సిప్రో. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు.

ఈ అంకె చూసి మా మరిది కూడా కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే ఆయనకు తెలుసు: మనిషి 500 మిల్లీగ్రాముల సిప్రో బిళ్ల మింగితే రక్తంలో మందు ఎక్కువలో ఎక్కువ లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే రోగి రక్తంలో ఉండే దానికి పదింతల మందు, శుద్ధి చేశామని చెప్పి వదిలిన నీళ్లలో ఉంది. ఒక్క రోజులో అలా పోయిన సిప్రో సుమారు 44 కిలోలని పరిశోధకులు లెక్క కట్టారు. అప్పటికి తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అంత ఉంటుంది.

ఇలాంటి పత్రం చదివేటప్పుడు నేను మొదట చూసేది మెషిన్ సంగతి కాదు, నమూనా సంగతి. ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు, ఎన్నిసార్లు తీశారు? ఒకటి రెండు రోజుల నమూనాతో ఏడాది సగటు చెప్పలేం. ఆ మాట మా మరిది అన్నాడు, నేను ఒప్పుకున్నాను. కాకపోతే అంకె వంద మైక్రోగ్రాములో నూటయాభయ్యో అయి ఉంటే ఆ అభ్యంతరానికి బరువు ఉండేది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి సరిపోయే మోతాదుకు వెయ్యింతలు పైన ఉన్నప్పుడు, రోజును బట్టి పదో వంతుకు తగ్గినా కథ మారదు. పైగా ఆ తర్వాత 2009లో వచ్చిన మరో పత్రంలో చుట్టుపక్కల చెరువుల నీళ్లు పరీక్షించారు. శుద్ధి కేంద్రం నీళ్లు చేరని రెండు చెరువుల్లో కూడా మందులు పెద్ద మోతాదులో ఉన్నాయి. సిప్రో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు, జలుబుకు వాడే సెట్రిజిన్ 1.2 మిల్లీగ్రాముల వరకు. శుద్ధి కేంద్రానికి సంబంధం లేని చెరువులోకి మందు ఎట్లా వచ్చింది? ఊళ్లో వాళ్లను అడిగితే రాత్రిపూట ట్యాంకర్ల మాట చెప్తారు. ఇది పుకారని కొట్టిపారేయడం తేలిక. నాకైతే ఇది పనికొచ్చే సమాచారం: ఏ వేళలో నమూనా తీయాలో చెప్తోంది. పగలు పదకొండు గంటలకు జీపులో వచ్చి సీసా నింపుకుని పోతే రాత్రి రెండు గంటల నీళ్లు దొరకవు.

ఇంకొకటి. ఊళ్లో ఎవరైనా బోరు నీళ్లు టెస్టుకు ఇస్తే చేతికి ఒక రిపోర్టు వస్తుంది. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్. అన్నిటి ఎదురుగా పరిమితి, పక్కన వచ్చిన అంకె. అన్నీ పరిమితి లోపలే ఉంటే "నీళ్లు బాగున్నాయి" అంటారు. తాగునీటికి మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500. అందులో యాంటీబయాటిక్‌లకు పరిమితే లేదు. పరిమితి లేనిదాన్ని ల్యాబ్ వెతకదు. వెతకనిది రిపోర్టులో ఉండదు. కాబట్టి రిపోర్టు శుభ్రంగా ఉందంటే, వెతికిన నాలుగు వస్తువుల వరకే శుభ్రం. "పరీక్షలో తేలలేదు" అన్న మాట విన్నప్పుడల్లా "ఏం పరీక్షించారు?" అని అడగాల్సిందే. ఎవరు చెప్పినా సరే, ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, ఉద్యమ సంస్థ అయినా.

రెండో ప్రశ్న: మనిషి దాకా వచ్చిందా? దీనికి 2014లో వచ్చిన ఒక పత్రం నాకు చాలా నచ్చింది. లార్సన్ బృందమే, ఈసారి ఊళ్లలోకి వెళ్లింది. బావుల నీళ్లు, పొలాల మట్టి, వాగు అడుగున మట్టి, ఊళ్లో మనుషుల మలం నమూనాలు తీసుకున్నారు. పోల్చడానికి ఫ్యాక్టరీలకు దూరంగా ఉన్న ఊళ్ల నుంచి, స్వీడన్ నుంచి కూడా తీసుకున్నారు. కలుషితమైన వాగులకు మూడు కిలోమీటర్ల లోపు ఉన్న అన్ని ఊళ్లలోనూ బావి నీళ్లలో, మట్టిలో సిప్రో జాతి మందులు కనిపించాయి. అన్ని ఊళ్లలోనూ. వాగులో ఉన్నదానికంటే చాలా తక్కువ మోతాదే, కానీ ఉన్నాయి. తాగినా, స్నానం చేసినా, పొలానికి పెట్టినా అవే నీళ్లు. కాబట్టి మందు మనుషుల గడప దాకా వచ్చిందన్న విషయంలో నాకు సందేహం లేదు.

అదే పత్రంలో మూడో ప్రశ్నకు వచ్చిన జవాబు మా అత్తమ్మకు నచ్చదు. ఈ మందుల్ని తట్టుకునే శక్తిని బ్యాక్టీరియాకు ఇచ్చే జన్యువులు కొన్ని ఉంటాయి. వాటిని క్యూఎన్ఆర్ జన్యువులంటారు. అవి ఉన్న బ్యాక్టీరియా మీద ఈ మందు సరిగా పనిచేయదు. వాగు అడుగు మట్టిలో అవి దండిగా దొరికాయి. కానీ కలుషితమైన ఊళ్ల మనుషుల కడుపులో, దూరపు ఊళ్ల వాళ్ల కంటే ఎక్కువగా ఉన్నట్టు కనిపించలేదు. పరిశోధకులు ఆ మాట దాచకుండా రాశారు. తాము అనుమానించిన దానికి వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని కూడా ప్రచురించారు కాబట్టే వాళ్లు అంతకుముందు చెప్పిన అంకెల మీద నాకు నమ్మకం పెరిగింది.

మా మరిది ఈ వాక్యం చదివి, "చూసినవా వదినా" అన్నాడు. చూశాను. దాని పక్కనే ఇంకో అంకె కూడా ఉంది. భారతీయుల నమూనాలన్నీ కలిపితే 91 శాతం మందిలో ఆ జన్యువు ఉంది. స్వీడన్ వాళ్లలో 24 శాతం. అంటే పోలికకు తీసుకున్న దూరపు ఊళ్లలో కూడా దాదాపు అందరిలో అది ముందే చేరిపోయింది. వానలో అందరూ తడిసి ఉన్నప్పుడు ఎవరి మీద బిందెడు నీళ్లు పోశారో బట్టలు చూసి చెప్పలేం. మన దేశంలో యాంటీబయాటిక్‌ల వాడకం, పారిశుద్ధ్యం ఉన్న తీరులో ఇవి మనిషి నుంచి మనిషికి పాకడమే ఇప్పుడు ప్రధాన మార్గమని ఆ పత్రం సూచించింది. దీన్ని "ఫ్యాక్టరీ నీళ్ల వల్ల హాని లేదు" అని చదవకూడదు. "ఫ్యాక్టరీ నీళ్ల వల్లే మన కడుపులో ఇవి చేరాయి" అని కూడా చదవకూడదు. ఈ కొలతతో, ఈ పోలికతో తేడా బయటపడలేదు. అంతవరకే. అసలు భయం ఇంకోటి ఉంది: వాగు మట్టి లాంటి చోట బ్యాక్టీరియా కొత్త శక్తుల్ని సంపాదించుకుంటే, అది ఒక్కసారి జరిగినా చాలు, దేశాలు దాటి పోతుంది. అలాంటి హానిని పటాన్‌చెరు ఊళ్ల రోగుల లెక్కలో వెతికినా దొరకదు.

ఇక క్యాన్సర్. మా ఊళ్లో అందరి నోటా వినేది ఇదే. ఇక్కడ స్టాటిస్టిక్స్ టీచర్‌గా నాకు ఎక్కువ బాధ్యత ఉంది. మన దేశంలో ఏడాదికి లక్షకు సుమారు వంద మందికి కొత్తగా క్యాన్సర్ బయటపడుతుందని రిజిస్ట్రీల అంచనా. మూడు వేల జనాభా ఉన్న ఊరు తీసుకుంటే ఏడాదికి ముగ్గురు. ఒక ఏడాది ఆరుగురికి వచ్చిందనుకుందాం. రెట్టింపు! ఊరంతా గగ్గోలు. మా పిల్లలతో క్లాసులో పాయిజాన్ పద్ధతిలో, అంటే అరుదైన సంఘటనలు యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు రావొచ్చో చెప్పే సూత్రంతో, ఈ లెక్క చేయించాను. ఏ పొల్యూషన్ లేకపోయినా అలాంటి ఊళ్లు వంద ఉంటే, ఏ ఏడాది చూసినా సుమారు ఎనిమిది ఊళ్లలో ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కనిపిస్తారు. ఊరికే, యాదృచ్ఛికంగా. కాబట్టి ఆరుగురున్న ఊరిని చూపించి కారణం ఫ్యాక్టరీయేనని చెప్పలేం.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది, దాన్ని చెప్పేవాళ్లు తక్కువ. నిజంగానే పొల్యూషన్ వల్ల క్యాన్సర్ ఒకటిన్నర రెట్లు అయిందనుకుందాం. అంటే ముగ్గురికి బదులు సగటున నాలుగున్నర. అప్పుడు కూడా ఏడాదిలో ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉండే ఊళ్లు వందలో ముప్పై మాత్రమే. మిగతా డెబ్బై ఊళ్లు మామూలుగానే కనిపిస్తాయి. ఒక ఊరికి వెళ్లి ఒక ఏడాది సర్వే చేసి "తేడా లేదు" అని రాసేస్తే, ఉన్న హాని కూడా చాలాసార్లు కనిపించకుండా పోతుంది. చిన్న సర్వేకు కళ్లు మసక. మసక కళ్లకు కనిపించలేదని వస్తువు లేదనలేం. ఎన్ని ఊళ్లు కలిపారు, ఎన్నేళ్లు చూశారు, ఎంత తేడా ఉంటే పట్టుకోగలిగే సర్వే అది? ఈ మూడు చెప్పని రిపోర్టును, అది ఏ వైపు మాట్లాడినా, నేను పక్కన పెడతాను.

మన ఊళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. దీని గురించి నేను చాలా ఆలోచిస్తాను. మన దగ్గర ఆడపిల్ల పెళ్లయి అత్తారింటికి పోతుంది. మా అమ్మ చిన్నప్పుడంతా నక్కవాగు దగ్గరే పెరిగింది. పెళ్లయ్యాక వేరే మండలానికి వచ్చింది. సర్వే వాళ్లు ఈరోజు ఆ ఊరికి వెళ్తే మా అమ్మ లెక్కలో ఉండదు. వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చిన మా అత్తమ్మ ఉంటుంది. చిన్నతనంలో ఆ నీళ్లు తాగినామె "దూరపు ఊరి" మనిషిగా, తాగనామె "కలుషితమైన ఊరి" మనిషిగా నమోదవుతారు. క్యాన్సర్ లాంటి జబ్బు బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇలా కలగాపులగమైతే రెండు వైపుల తేడా తగ్గినట్టు కనిపిస్తుంది. ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసే బీహార్, ఒడిశా కూలీల సంగతి ఇంకా కష్టం. అందరికంటే దగ్గరగా కెమికల్స్ పీల్చేది వాళ్లు. ఒంట్లో బాగాలేకపోతే సొంతూరికి పోతారు. వాళ్ల జబ్బు అక్కడి ఆసుపత్రి రిజిస్టర్‌లో పడుతుంది, ఇక్కడ కాదు. సర్వేలో "మీరు ఎక్కడ పుట్టారు, ఏ ఊళ్లో ఎన్నేళ్లున్నారు, అప్పుడు ఏ నీళ్లు తాగారు" అన్న ప్రశ్నలు లేకపోతే తర్వాత ఎంత గొప్ప లెక్క చేసినా లాభం లేదు.

2004లో పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ అప్పటి మెదక్ జిల్లాలో ప్రజల ఆరోగ్యం మీద సర్వే చేసి, ఫ్యాక్టరీల దగ్గరి ఊళ్లలో జబ్బులు ఎక్కువున్నాయని చెప్పింది. ఉద్యమ సంస్థ చేసింది కాబట్టి నమ్మక్కర్లేదని మా మరిది అంటాడు. నేను ఒప్పుకోను. చేసినవాళ్లెవరో చూసి జాగ్రత్తపడొచ్చు, అంతేగానీ దానితోనే తీసిపారేయలేం. పోలిక ఊళ్లను ఎట్లా ఎంచుకున్నారు? బీడీలు, కల్లు, పత్తి చేలల్లో కొట్టే పురుగుమందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా? జబ్బు సంగతి ఇంటివాళ్లు చెప్పింది రాసుకున్నారా, డాక్టర్ కాగితం చూశారా? ఈ ప్రశ్నలు కంపెనీలు డబ్బిచ్చి చేయించే స్టడీని అడిగేవే. ఒకే కొలబద్ద అందరికీ పెడితేనే నేను మా మరిదితో న్యాయంగా మాట్లాడినట్టు.

ప్రభుత్వ మార్కులను కూడా ఆ కొలబద్దతోనే చూస్తాను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టింది. 70 దాటితే అత్యంత తీవ్ర కాలుష్యం. పటాన్‌చెరు–బొల్లారానికి వచ్చింది 70.07. ఇంకాస్త తగ్గి 69.9 వచ్చి ఉంటే వాగు నీళ్లు ఏమీ మారవు, కాగితం మీద పేరు మాత్రం మారేది.

"మరి పూర్తిగా ప్రూవ్ అయ్యేదాకా ఏం చేయాలె?" ఇదీ మా మరిది ప్రశ్నే, మంచి ప్రశ్న. జపాన్‌లోని మినమాటాలో 1956లో వింత జబ్బు బయటపడింది. 1959లో అక్కడి రసాయన కంపెనీ చిస్సో సొంత ఆసుపత్రి డాక్టర్ హొసొకావా, ఫ్యాక్టరీ వ్యర్థ జలాన్ని పిల్లి తిండిలో కలిపి పెట్టాడు. పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు. జబ్బుకు కారణం ఫ్యాక్టరీ పాదరసమేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. పన్నెండేళ్లు ఆ పాదరసం చేరిన చేపలు తిన్న కుటుంబాలు మూల్యం చెల్లించాయి. అక్కడ ఆధారం లేక ఆలస్యం కాలేదు, ఆధారం ఫ్యాక్టరీ లోపలి గదిలో ఉండిపోయింది. మన దగ్గర కూడా ఏ రోజు ఎంత మందు తయారైంది, ఎంత నీళ్లలో పోయింది అన్న లెక్క ముందుగా తెలిసేది కంపెనీకే. మా మరిది లాంటివాళ్లు రోజూ ఆ అంకెలు చూస్తారు.

పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద పని చేసిన బ్రాడ్‌ఫర్డ్ హిల్, కారణాన్ని ఎట్లా అంచనా వేయాలో 1965లో ఒక ప్రసంగంలో తొమ్మిది కోణాలు చెప్పారు. చాలామంది ఆ తొమ్మిదీ చెప్పి ఆగిపోతారు. నాకు ఆ ప్రసంగం చివరి భాగం ముఖ్యం. సైన్స్ ఎప్పుడూ అసంపూర్ణమే, అయినా ఈ రోజు తెలిసినదాన్ని పక్కన పెట్టి చర్యను వాయిదా వేసే హక్కు దాని వల్ల మనకు రాదని ఆయన అన్నారు. ఎంత ఆధారం ఉంటే చాలు అన్నది చేయబోయే పనిని బట్టి ఉంటుంది. ఒక వ్యక్తికి జైలు శిక్ష వేయాలంటే ఆ ఒక్క రోగికి ఆ ఒక్క కంపెనీ వల్లే జబ్బు వచ్చిందని తేలాలి. యాంటీబయాటిక్‌ను నీళ్లలో వదలొద్దని చెప్పడానికి అంత అక్కర్లేదు. లీటరుకు 31 మిల్లీగ్రాములు చాలు.

అందుకే 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చినప్పుడు నేను ఎంతో సంతోషించాను. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర చట్టంలో అంకె లేనంత కాలం ల్యాబ్ వెతకదు. శుద్ధి చేసిన నీళ్లను తర్వాత పైపులైన్‌తో హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థలో కలిపి అంబర్‌పేట వైపు పంపారు. కాబట్టి ఇప్పుడు నక్కవాగులో తీసే నమూనాను 2007 అంకెతో పక్కపక్కన పెట్టి "తగ్గింది" అనేముందు, ఆ నీళ్లు మూసీ వైపు పోయాయా అన్నది కూడా చూడాలి.

మా మేనమామ ఊళ్లో ఇప్పుడు తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి, బోరు నీళ్లు బర్రెలకు, పొలానికి వాడుతున్నారు. బోరు ఉన్నవాళ్లు టెస్టుకు ఇచ్చేటప్పుడు సీసా మీద తేదీ, గంట, బోరు లోతు, అంతకుముందు ఎన్ని రోజుల కింద వాన పడిందో రాయించండి. వేసవిలో ఒకటి, వానాకాలం తర్వాత ఒకటి తీయండి. వాగుకు ఎగువన ఉన్న బోరుది కూడా జత చేయండి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ల్యాబ్‌ను ఏయే పదార్థాలు వెతికారో, ఎంత కంటే తక్కువుంటే వాళ్ల మెషిన్‌కు కనిపించదో రాసిమ్మని అడగండి. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే బయాప్సీ కాగితం పారేయకండి. ఆడపిల్లలు ఏ ఊళ్లో ఎన్నేళ్లున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. మా ఊరి కాగితాలు జెరాక్స్ తీసి ఒక ఫైల్ కట్టే పని మా మరిది తీసుకున్నాడు. హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, అంటే ఏ మందు ఎంతుందో కొలిచే మెషిన్ ఇచ్చే రిపోర్టు, చదవడం మా అందరికంటే ఆయనకే బాగా వచ్చు.